నాటిన జుట్టు రాలుతోందా? అద్దం కాదు, క్యాలెండర్ చూడండి

జుట్టు నాటించుకున్నవాళ్ల ఉత్తరాలు ఈ మధ్య బాగా పెరిగాయి. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు నుంచి విశాఖకో భువనేశ్వర్‌కో హైదరాబాద్‌కో వెళ్లి చేయించుకుని రెండో రోజు రైలెక్కి వచ్చేస్తారు, ఆ తర్వాత ఏదైనా అనుమానం వస్తే అడగడానికి దగ్గర్లో ఎవరూ ఉండరు. క్లినిక్‌కి ఫోన్ చేస్తే ‘ఫొటో వాట్సాప్ చేయండి సార్’ అంటారు, పంపితే నీలం టిక్కులు పడతాయి, జవాబు మాత్రం రాదు. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దీనికే కేటాయిస్తున్నాం. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు, వేయడం లేదు.

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 29 ఏళ్లు. ఐదు వారాల క్రితం విశాఖలో ఎఫ్‌యూఈ (కుదుళ్లని ఒక్కొక్కటిగా తీసి నాటే) పద్ధతిలో 2,400 గ్రాఫ్టులు పెట్టించుకున్నాను. మొదట్లో జుట్టు పొట్టిగా, గరుగ్గా నిలబడి ముచ్చటగా ఉండేది. మూడో వారం నుంచి దిండు మీద, తువ్వాలు మీద, స్నానం చేస్తే అరచేతిలో అదే జుట్టు. ఇప్పుడు ముందు భాగం ఆపరేషన్‌కి ముందుకన్నా బోడిగా కనిపిస్తోంది. మాఘంలో నా పెళ్లి, ఇంకా నాలుగు నెలలే ఉంది. ఇంట్లో ‘అప్పు చేసి మరీ గుండు చేయించుకున్నావు’ అని ఒకటే దెప్పుడు. నా డబ్బు పోయినట్టేనా? (బరంపురం)

జవాబు: డబ్బు పోలేదు, జుట్టూ పోలేదు. రాలింది పైకి కనిపించే వెంట్రుక మాత్రమే, దాన్ని పుట్టించే కుదురు చర్మం లోపలే ఉంది. తల వెనక నుంచి తీసే ఒక్కో గ్రాఫ్టు ఒక మిల్లీమీటరు వెడల్పు కూడా ఉండని చర్మపు ముక్క, అందులో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు ఉంటాయి. దాన్ని తీసి, కొన్ని గంటలు చల్లటి ద్రావణంలో ఉంచి, ముందు భాగంలో గుచ్చుతారు. అంతసేపూ దానికి రక్తం అందదు. ఆ దెబ్బకి కుదురు పని ఆపేసి విశ్రాంతి దశలోకి వెళ్తుంది, అప్పటిదాకా పట్టుకుని ఉన్న వెంట్రుకని వదిలేస్తుంది. ఇది రెండో వారం నుంచి ఎనిమిదో వారం దాకా ఎప్పుడైనా మొదలవ్వచ్చు, చాలామందికి మూడు, నాలుగు వారాల దగ్గర ఒక్కసారిగా ఊడుతుంది. గంజాం జిల్లాలో వరి నాట్లు చూడనివాళ్లు ఉండరు కదా, నారు పీకి నాటాక కొన్నాళ్లు మడి పసుపెక్కి ఇక పోయిందనిపించి తర్వాత మూన తిరుగుతుంది, మీ తల కూడా ఇప్పుడు ఆ దశలోనే ఉంది. కాకపోతే వరికి రోజుల్లో అయ్యేది జుట్టుకి నెలల్లో అవుతుంది.

ఒకసారి రాలిన వెంట్రుకని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి. ఒక చివర తెల్లగా చిన్న గుండు ఉంటుంది. దాన్ని చూసే అందరూ ‘వేరుతో సహా వచ్చేసింది’ అని హడలిపోతారు. అది వేరు కాదు, విశ్రాంతిలోకి వెళ్లిన ఏ వెంట్రుకకైనా ఉండే మొదలు, మీ అమ్మగారి దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలకీ ఉంటుంది. నిజంగా గ్రాఫ్టు ఊడితే ఎలా ఉంటుందంటే, మొదటి వారంలో గోకినా, కారు డోరుకి తల కొట్టుకున్నా ఆ చోట రక్తం బొట్టు కనబడి, వెంట్రుకతోపాటు చిన్న కండ ముక్క వస్తుంది. సుమారు పది రోజులు దాటితే గ్రాఫ్టు చర్మానికి అతుక్కుపోతుంది, ఆ తర్వాత వెంట్రుక రాలినా కుదురు కదలదు.

‘ముందుకన్నా బోడి అయ్యాను’ అంటున్నారు, అది కూడా మీ భ్రమ కాదు. నాటిన చోట అంతకుముందే ఉన్న మీ సొంత జుట్టు కూడా ఆ సూదులు, మత్తు ఇంజెక్షన్ల ఒత్తిడికి కొంత రాలుతుంది. బలంగా ఉన్నది తిరిగి వస్తుంది, అప్పటికే సన్నబడి చివరి దశలో ఉన్నది రాకపోవచ్చు. ఈ మాట ఆపరేషన్‌కి ముందే చెప్పి ఉండాల్సింది.

ఇక క్యాలెండర్ సంగతి. మూడో నెల నుంచి నాలుగో నెల మధ్య కొత్త వెంట్రుకలు మొదలవుతాయి, అవి కూడా ముందు పిల్లల నూగులా సన్నగా, రంగు తక్కువగా వస్తాయి, కొన్ని ఉంగరాలు తిరిగి పిచ్చిగా ఉంటాయి. ఈ సమయంలోనే తల మీద అక్కడక్కడా చిన్న మొటిమలు లేస్తాయి, కొత్త వెంట్రుక బయటికి వచ్చేటప్పుడు మామూలే, గిల్లకండి. ఒకటో రెండో అయితే వేడి నీళ్ల గుడ్డ పెడితే చాలు, గుంపుగా వచ్చి చీము, నొప్పి ఉంటే మాత్రం డాక్టరుకి చూపించాలి. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది, కాబట్టి నాలుగో నెలలో మొలిచింది దువ్వెనకి అందాలంటే ఆరో నెల దాటాలి. ఆరు నెలలకి ఫలితంలో దాదాపు సగం కనిపిస్తుంది. తొమ్మిది నుంచి పన్నెండు నెలల మధ్య వెంట్రుక లావెక్కి నిండుతనం వస్తుంది. ఏడాది నిండకుండా బాగుందనో బాగోలేదనో తీర్పు చెప్పకండి.

ఇప్పుడు పెళ్లి. నిజం చెప్పాలంటే మాఘం నాటికి మీకు ఐదు నెలలు దాటి కాస్త అవుతుంది, ముందు వరసలో పలచగా జుట్టు ఉంటుంది, ఆల్బంలో చూసుకుని మురిసిపోయేంత ఉండదు. పెళ్లికి నిండుగా ఉండాలంటే పెళ్లికి ఏడాది ముందు చేయించుకోవాలి. ముహూర్తం పెట్టాక పరుగెత్తేవాళ్లకి ఈ మాట ఎవరూ చెప్పరు, చెబితే అడ్వాన్సు రాదు కదా. అయినా చేయగలిగింది ఉంది. పెళ్లికి వారం ముందు మంచి మంగలి దగ్గర పక్కలు, వెనక బాగా పొట్టిగా కత్తిరించుకోండి, తేడా తగ్గుతుంది. జుట్టు ఒత్తుగా కనబడేలా చల్లుకునే పౌడర్లు రిసెప్షన్‌కి వాడుకోవచ్చు, ముహూర్తానికి వద్దు, జీలకర్ర బెల్లం నడినెత్తిన పెట్టి, పైన తలంబ్రాలు పోస్తే అదంతా కలిసి నుదుటి మీదకి నల్లటి చారలుగా దిగుతుంది. జీలకర్ర బెల్లం వల్ల గ్రాఫ్టులకి ఏమవుతుందని మీకు టెన్షన్ ఉంటే అక్కర్లేదు, ఐదు నెలలకి అది మిగతా తల లాంటిదే, రాత్రికి షాంపూతో కడుక్కోండి. ఇంకో మాట, అడగకపోయినా చెబుతున్నా. పెళ్లికూతురికి ముందే చెప్పండి. ఇంట్లో అందరికీ తెలిసిన విషయం ఆ అమ్మాయికి మాత్రం పెళ్లయ్యాక తోడికోడలు ద్వారా తెలియడం బాగోదు.

రోజూ అద్దం ముందు నిలబడటం ఆపండి. నెలకోసారి, అదే కిటికీ దగ్గర, అదే సమయానికి, జుట్టు పొడిగా ఉన్నప్పుడు ఫొటో తీసి పెట్టుకోండి. తడి జుట్టుతో తీసిన ఫొటోలో ఎవరికైనా మాడు కనిపిస్తుంది.

ప్రశ్న: మా ఆయనకి 44. ఎనిమిది నెలల క్రితం ముందు భాగం, నడినెత్తి రెండూ చేయించారు. ముందు చక్కగా వచ్చింది. నడినెత్తిన మాత్రం గుండ్రంగా అలాగే ఉంది. క్లినిక్‌వాళ్లు పీఆర్‌పీ ఆరు సిట్టింగులు ప్యాకేజీ తీసుకుంటేనే వస్తుంది, ఆలస్యమైతే గ్యారంటీ లేదు అంటున్నారు. ఆయన ఊ అనేశారు, నాకే మనసొప్పడం లేదు. (పర్లాకిమిడి)

జవాబు: మీ మనసు సరిగ్గానే చెప్పిందమ్మా. నడినెత్తి ఎప్పుడూ ముందు భాగం కన్నా వెనకబడే ఉంటుంది, పన్నెండు నుంచి పద్దెనిమిది నెలలు పట్టడం మామూలే. ఎనిమిదో నెలలో అక్కడ పలచగా ఉందని కంగారుపెట్టి ప్యాకేజీ కట్టించుకుంటే, పన్నెండో నెలలో దానంతట అది వచ్చిన జుట్టు కూడా వాళ్ల ఖాతాలోనే పడుతుంది. ఈ ఎదురుచూపుల నెలల్లోనే ఈ వ్యాపారం ఎక్కువ సాగుతుంది: సీరం, బయోటిన్ విటమిన్ మాత్రలు, లేజర్ టోపీ, సిట్టింగులు. మనిషి భయంలో ఉన్నప్పుడు ఏది చూపించినా కొంటాడు.

పీఆర్‌పీ అంటే మీ ఆయన చేతి నుంచే రక్తం తీసి, యంత్రంలో గిర్రున తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని మాడులోకి ఇంజెక్షన్ ఇవ్వడం. మామూలు బట్టతలలో కొంతమందికి జుట్టు కాస్త లావెక్కుతుంది, అది పూర్తిగా దండగని నేననను. కానీ తయారుచేసే విధానం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, ఫలితం కూడా అంతే. ‘చేయించుకోకపోతే నాటింది రాదు’ అనడానికి మాత్రం ఆధారం లేదు. బయోటిన్ సంగతీ అంతే, ఒంట్లో లోపం ఉన్నవాళ్లకే దానితో పని, అలాంటివాళ్లు చాలా అరుదు. పైగా బయోటిన్ ఎక్కువ మోతాదులో వాడుతుంటే థైరాయిడ్ వంటి కొన్ని రక్తపరీక్షల ఫలితాలు తప్పుగా రావచ్చు, పరీక్షకి వెళ్లేటప్పుడు ల్యాబులో చెప్పాలి.

ఇంకో విషయం మీ ఆయనకి చెప్పండి. నడినెత్తిన జుట్టు సుడి తిరిగి అన్ని వైపులకీ పడుతుంది, ఒకదాని మీద ఒకటి పడి కప్పదు, అందుకే అన్నే గ్రాఫ్టులు పెట్టినా ముందు భాగమంత ఒత్తుగా కనిపించదు. పద్దెనిమిది నెలలయ్యాక కూడా పైకప్పు లైటు కింద కొంత మెరుపు ఉంటుంది. అంత లోతుగా పైనుంచి ఆయన్ని చూసేది మీరొక్కరే అనుకుంటా.

ప్రశ్న: మా అబ్బాయికి జుట్టు పెట్టించి మూడు వారాలైంది. తల మీద ఇంకా ఎండిన చెక్కులున్నాయి, ముట్టుకోనివ్వడు, సరిగ్గా తల కూడా రుద్దుకోడు. నేను ఆముదం, కొబ్బరినూనె కలిపి మర్దనా చేస్తానంటే అరుస్తున్నాడు. రోజూ బండి మీద డ్యూటీకి వెళ్తాడు, హెల్మెట్ పెట్టుకోవచ్చా? (గుణుపురం)

జవాబు: నూనె విషయంలో అబ్బాయిదే రైటు, చెక్కుల విషయంలో మీదే రైటు. ఆ చెక్కులు రెండు వారాలకల్లా పోవాలి. మూడు వారాలైనా ఉన్నాయంటే భయపడి నీళ్లు సరిగ్గా పోసుకోవడం లేదని అర్థం. గోరువెచ్చటి నీళ్లతో పది నిమిషాలు నాననిచ్చి, ఘాటు లేని షాంపూ నురగ చేసి, వేళ్ల కొసలతో, గోళ్లు తగలకుండా, గుండ్రంగా మెల్లగా రుద్దితే రెండు మూడు స్నానాల్లో వదిలేస్తాయి. వాటితోపాటు వెంట్రుకలు వస్తాయి, రానివ్వండి, ఎందుకో పైన చెప్పాను. నూనె మరో వారం పది రోజులు ఆగి, తల పూర్తిగా మామూలయ్యాక పెట్టండి, అది కూడా కొబ్బరినూనె కొంచెం. జిడ్డుగా మందంగా ఉండే ఆముదం ఇప్పుడు వద్దు. నూనెతో నాటిన జుట్టు త్వరగా రాదు, అలాగని పెడితే పాడూ కాదు, మీ తృప్తి కోసం ఆదివారం ఆదివారం పెట్టుకోండి. హెల్మెట్ ఈపాటికి పెట్టుకోవచ్చు, కాస్త వదులుది, లోపల శుభ్రమైన నూలు గుడ్డతో. పెట్టుకోకుండా తిరిగితేనే ప్రమాదం, గ్రాఫ్టులకి కాదు, తలకి. సిగరెట్టు అలవాటుంటే మాత్రం మానమని గట్టిగా చెప్పండి, చర్మంలోని సన్నటి రక్తనాళాలని బిగించేస్తుంది, ఇప్పుడు ఆ కుదుళ్లకి కావాల్సింది రక్తమే.

ప్రశ్న: వేసవిలో చేయించాను. వానలు పడ్డాక మలేరియా వచ్చి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. అప్పుడప్పుడే మొలుస్తున్న జుట్టు ఇప్పుడు మళ్లీ గుప్పెడు గుప్పెడు ఊడుతోంది. రెండోసారి కూడా రాలుతుందా? (రాయగడ)

జవాబు: ఇది వేరే రాలడం. మలేరియా, డెంగీ, టైఫాయిడ్ ఏది గట్టిగా తగిలినా, జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకి తలంతా జుట్టు ఊడుతుంది. జ్వరం తగ్గి, మనిషి కోలుకుని, అంతా మర్చిపోయాక ఊడటం మొదలవుతుంది కాబట్టి దానికీ దీనికీ ముడిపెట్టరు. రాయగడ, కోరాపుట్ కొండప్రాంతాల్లో వానాకాలం మలేరియా కొత్తేమీ కాదు, దసరా దాటాక జుట్టు ఊడుతోందని నా దగ్గరికి వచ్చేవాళ్లని నేను ముందు అడిగేది జ్వరం గురించే. గుర్తుపట్టే పద్ధతి ఏంటంటే, చెవుల పైన, తల వెనక కూడా ఊడుతుందా చూడండి. అక్కడ కూడా ఊడుతుంటే జ్వరం వల్ల, నాటినవి అందులో భాగంగా ఊడుతున్నాయి, అంతే. మూడు నుంచి ఆరు నెలల్లో దానంతట అదే ఆగి తిరిగి వస్తుంది. మీ ఏడాది లెక్క మాత్రం ఇంకో నాలుగైదు నెలలు పొడిగించుకోండి.

మలేరియా మందుల కోర్సు పూర్తి చేశారో లేదో చెప్పలేదు. జ్వరం తగ్గిందని మధ్యలో మానేసి ఉంటే ముందు అది చూసుకోండి, జుట్టు తర్వాత. జ్వరం తర్వాత రక్తం తగ్గడం మామూలే కాబట్టి హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్ పరీక్షలు ఒకసారి చేయించండి. ఇనుము తక్కువైతే ఏ నూనె రాసినా జుట్టు నిలవదు.

ప్రశ్న: నాటాక కూడా ఫినాస్టరైడ్ మాత్ర, తలకి రాసుకునే మినాక్సిడిల్ వాడమన్నారు. నాటిన జుట్టు శాశ్వతం అన్నప్పుడు మళ్లీ మందులెందుకు? మాత్ర వేసుకుంటే సంసారానికి పనికిరారని మా ఫ్రెండు అంటున్నాడు. (ఛత్రపురం)

జవాబు: నాటింది శాశ్వతమే, దాదాపుగా. తల వెనక కుదుళ్లకి, బట్టతల తెచ్చే డీహెచ్‌టీ అనే హార్మోన్‌ని తట్టుకునే గుణం ఉంటుంది, ముందుకి మార్చినా ఆ గుణం వాటితోనే వస్తుంది. 1959లో నార్మన్ ఓరెన్‌ట్రైక్ అనే అమెరికన్ డాక్టరు ఈ సంగతి ప్రచురించాకే ఈ వైద్యం నిలబడింది. మరి ఆ చుట్టూ ఉన్న మీ పాత జుట్టుకి ఆ గుణం లేదు కదా, అది రాలుతూనే ఉంటుంది. మందులు దాని కోసం. వాడకపోతే కొన్నేళ్లకి ముందు నాటిన వరస ఒక దీవిలా మిగిలి, దాని వెనక ఖాళీ పడుతుంది.

మాత్ర గురించి: ఒక మిల్లీగ్రాము ఫినాస్టరైడ్‌కి అమెరికాలో 1997లో అనుమతి వచ్చింది. అప్పటి పరీక్షల్లో కోరిక తగ్గడం, అంగస్తంభన సమస్య, వీర్యం తగ్గడం లాంటివి మాత్ర వేసుకున్నవాళ్లలో నూటికి 3.8 మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో నూటికి 2.1 మందికి కనిపించాయి. అంటే మీ ఫ్రెండు చెప్పినంత లేదు, అసలు లేకుండానూ లేదు. చాలామందికి ఆపితే తగ్గుతుంది, కొద్దిమంది ఆపాక కూడా ఉందని చెబుతున్నారు. దిగులు, చచ్చిపోవాలన్న ఆలోచనలు రావచ్చని కూడా హెచ్చరిక ఉంది, అలా అనిపిస్తే ఆ రోజే మాత్ర ఆపి డాక్టరుకి చెప్పండి, ఇదివరకే డిప్రెషన్ ఉంటే మొదలుపెట్టకముందే చెప్పండి. మీ ఇంట్లో గర్భిణులుంటే విరిగిన మాత్రని వాళ్లు ముట్టుకోకూడదు, కడుపులో మగబిడ్డకి ప్రమాదం. ఈ మాత్ర వాడుతూ రక్తదానం చేయకూడదు. వయసు మీదపడి ప్రోస్టేట్ కోసం పీఎస్ఏ పరీక్ష చేయించుకుంటే ఈ మాత్ర ఆ అంకెని దాదాపు సగానికి దించేస్తుంది, డాక్టరుకి తెలియాలి.

మినాక్సిడిల్ మొదలుపెట్టిన కొత్తలో కూడా కొంత జుట్టు ఊడుతుంది, దానికి మళ్లీ కంగారుపడి మానేయకండి. నాటిన తర్వాత ఎప్పటి నుంచి రాయాలో మీకు చేసిన డాక్టరునే అడగండి, పచ్చి గాయాల మీద మాత్రం రాయకూడదు.

ప్రశ్న: ఏడు నెలలైంది, బాగానే వస్తోంది. జుట్టు బాగా వస్తే తిరుపతిలో తలనీలాలు ఇస్తానని మా అమ్మ మొక్కుకుంది! ఇస్తే మళ్లీ వస్తుందా? ఇంకోటి, మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో వేషం వేస్తే విగ్గు, కిరీటం పెట్టుకోవచ్చా? (బరంపురం)

జవాబు: ఇలాంటి మొక్కు మొక్కాలంటే అమ్మలే మొక్కాలి. వస్తుంది. కుదురు చర్మం లోపల కొన్ని మిల్లీమీటర్ల లోతున ఉంటుంది, కల్యాణకట్టలో కత్తి తీసేది పైన ఉన్నదాన్నే. కానీ ఏడాది నిండేదాకా ఆగమంటాను, వెంకన్న ఎక్కడికీ పోడు. ఇప్పుడు తల మీద మొటిమలున్నా, ఎర్రగా ఉన్నా గీరుకి చీము పట్టొచ్చు. పైగా వెనక గ్రాఫ్టులు తీసిన చోట తెల్లటి చుక్కలు గుండులో కనబడతాయి, నలుగురూ అడుగుతారు. మళ్లీ నెలకో సెంటీమీటరు చొప్పున మొదటి నుంచి పెరగాలి, దానికి మనసు సిద్ధం చేసుకోండి. మీరే అడిగిన రెండోది, ఠాకురాణి యాత్రలో వేషానికి విగ్గు, కిరీటం పెట్టుకోవచ్చు, జిగురు మాత్రం నాటిన చోట అంటించనివ్వకండి, ఊడదీసేటప్పుడు జుట్టు దాంతోపాటు వస్తుంది.

ప్రశ్న: నాకు 21. మా నాన్నకీ, మామయ్యకీ బట్టతల, నాకూ నుదురు రెండు పక్కలా వెనక్కి పోయింది. మా ఊళ్లోకి ఆదివారాలు ఒక టీం వచ్చి బ్యూటీ పార్లర్ పైన గదిలో చేస్తున్నారు, సిటీలో అయ్యేదాంట్లో సగం కూడా అవ్వదు. ఏడాది ఆగితే జుట్టు వస్తుందంటే ఇప్పుడే చేయించేసుకోవచ్చు కదా? (జయపురం)

జవాబు: వద్దు. రెండు కారణాలు, రెండూ గట్టివే.

మొదటిది వయసు. మీ బట్టతల ఎక్కడ ఆగుతుందో 21కి ఎవరూ చెప్పలేరు, మీ నాన్నగారి తల చూస్తే కొంత అంచనా వస్తుంది, అంతే. తల వెనక నుంచి జీవితం మొత్తంలో తీయగలిగింది చాలామందికి ఐదారు వేల గ్రాఫ్టులు, ఒకసారి తీసిన చోట మళ్లీ మొలవదు. ఇప్పుడే నుదుటి మీద కిందికి గీత గీసి రెండు వేలు వాడేస్తే, 35కి నడినెత్తి ఖాళీ అయినప్పుడు పెట్టడానికి సరుకు ఉండదు. అందుకే చాలామంది డాక్టర్లు పాతికేళ్ల లోపు వెనకాడతారు. ముందు చర్మవైద్యుడికి చూపించి మందులతో ఒక ఏడాది చూడండి. ఉన్న జుట్టు నిలబడటమే మీ వయసులో పెద్ద లాభం.

రెండోది ఆ పార్లర్ పైగది. ఇది ఆపరేషన్, ఫేషియల్ కాదు. తలంతా మత్తు ఇంజెక్షన్లు ఇస్తారు, లిగ్నోకైన్ మోతాదు మనిషి బరువు బట్టి లెక్క కట్టాలి, దాటితే ఫిట్స్ రావచ్చు, గుండె ఆగిపోవచ్చు. ఆ గదిలో ఆక్సిజన్ ఉందా, ప్రాణం మీదకొస్తే పెట్టే మందులు ఉన్నాయా, వాటిని వాడటం వచ్చిన మనిషి ఉన్నాడా అని అడగండి. జాతీయ వైద్య కమిషన్ 2022లో ఈ విషయంలో మార్గదర్శకాలు ఇచ్చింది. సర్జరీలో పద్ధతిగా శిక్షణ పొందినవాళ్లు, అంటే ప్లాస్టిక్ సర్జన్లు, చర్మవ్యాధుల్లో ఎండీ చేసినవాళ్లు చేయాలని, వర్క్‌షాపులో చూసో యూట్యూబ్‌లో చూసో నేర్చుకున్నది శిక్షణ కాదని అందులో ఉంది. సహాయకులు డాక్టరు కనుసన్నల్లో సాయం చేయొచ్చు, ఆపరేషన్ వాళ్లే చేసేయడం కుదరదు. మన వైపు జరిగేది ఏంటంటే బోర్డు మీద ఒక డాక్టరు పేరు ఉంటుంది, ఆయన ఆ ఆదివారం ఇంకో ఊళ్లో ఉంటాడు. మీ తల మీద పంచ్ (కుదుళ్లు తీసే పనిముట్టు) పట్టుకునేది ఎవరో, రంధ్రాలు పెట్టేది ఎవరో పేరు, రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. చెప్పడానికి నసిగితే మెట్లు దిగి వచ్చేయండి.

ప్రశ్న: పద్నాలుగు నెలలైంది. ముందు భాగంలో సగం కూడా రాలేదు, వెనక చూస్తే పురుగు కొట్టినట్టు చారలు. క్లినిక్‌వాళ్లు ‘ఇంకా టైముంది’ అంటూనే ఉన్నారు. ఎంతకాలం ఆగాలి? (కోరాపుట్)

జవాబు: మీరు ఆగాల్సిన కాలం అయిపోయింది. ముందు భాగానికి పద్నాలుగు నెలలు చాలు, ఇక ‘టైముంది’ అనేది మిమ్మల్ని వదిలించుకునే మాట. ఇప్పుడు సంబంధం లేని మరో చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లండి. భూతద్దం లాంటి యంత్రంతో చూసి అసలు గ్రాఫ్టులు బతికాయా, సొంత జుట్టు రాలడం వల్ల పలచగా ఉందా, చర్మంలో మచ్చపడే జబ్బు ఏదైనా దాగుందా చెబుతారు, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు. ఆ మూడో రకం ఉంటే ఎన్నిసార్లు నాటినా నిలవదు, ముందు జబ్బు అణగాలి. వెనక చారలంటే ఒకే చోట ఎక్కువ తీసేశారని అర్థం. ‘ఫ్రీగా ఇంకో సిట్టింగ్ చేస్తాం’ అని అదే క్లినిక్ పిలిచినా ఆ రెండో డాక్టరు చూడకుండా కూర్చోకండి, మిగిలిన కాస్త సరుకూ పోతుంది.

క్లినిక్‌ని ఈమెయిల్‌లోనో రిజిస్టర్డ్ పోస్టులోనో మీ కేసు కాగితాలు అడగండి: ఎన్ని గ్రాఫ్టులు తీశారు, ఎన్ని పెట్టారు, ఎవరు చేశారు, సంతకం పెట్టించుకున్న అంగీకార పత్రం, ముందూ తర్వాతా ఫొటోలు. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని డాక్టర్ల నైతిక నియమావళిలో ఉంది, మూడేళ్లు భద్రపరచాలని కూడా ఉంది. ఫలితం తక్కువ వచ్చిందన్న ఒక్క కారణంతో నిర్లక్ష్యం రుజువు కాదు, కానీ డాక్టరు కానివాళ్లు చేశారనో, చెప్పినన్ని గ్రాఫ్టులు పెట్టలేదనో తేలితే కేసు బలంగా ఉంటుంది. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలంటే రెండేళ్ల గడువు ఉంది. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, క్లినిక్ పక్క రాష్ట్రంలో ఉన్నా సరే, కాబట్టి వాయిదాకోసారి ఘాట్ దిగి విశాఖ తిరగాల్సిన పని లేదు. రసీదులు, వాట్సాప్ మెసేజ్‌లు ఫోన్ మార్చేలోపు వేరే చోట దాచుకోండి, ముఖ్యంగా ‘ఇంకా టైముంది’ అని వాళ్లు పెట్టినవి.